రకరకాల కంప్యూటర్లున్న ఆఫీసుకు లినక్స్ డిస్ట్రోను ఎంచుకోవడం ఎలా?

విండోస్, మ్యాక్ కంప్యూటర్లు ఇప్పటికే నడుస్తున్న ఆఫీసులోకి లినక్స్‌ను తెచ్చేటప్పుడు డెస్క్‌టాప్ అందాన్ని చూసి డిస్ట్రోను (ఒక్కో సంస్థ లేదా బృందం తయారుచేసే లినక్స్ రూపాన్ని) ఎంచుకోకూడదు. ఉన్న నెట్‌వర్క్‌లో అది ఇమిడిపోతుందా, దానికి ఎన్నేళ్లపాటు భద్రతా అప్‌డేట్లు అందుతాయి అన్న రెండు విషయాలే ప్రధానం.

మొదటి పని, ఉన్నవాటి జాబితా రాసుకోవడం. లాగిన్లు యాక్టివ్ డైరెక్టరీ (ఆఫీసు ఖాతాలన్నిటినీ ఒకేచోట నడిపే మైక్రోసాఫ్ట్ వ్యవస్థ) నుంచి వస్తున్నాయా, ఫైళ్లు ఏ సర్వర్‌లో ఉన్నాయి, ప్రింటర్లు ఏ మోడళ్లు, విండోస్‌లో తప్ప నడవని సాఫ్ట్‌వేర్ ఎవరెవరికి కావాలి అన్నవి అందులో ఉండాలి. అలాంటి సాఫ్ట్‌వేర్‌తోనే రోజంతా పనిచేసేవారి కంప్యూటర్‌ను విండోస్‌లోనే వదిలేయడం మేలు. ప్రాసెసర్ల వయసు కూడా రాసుకోండి: రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 10, ఇంటెల్ వాటిలో 2013 నాటి హాస్వెల్ తరానికి ముందున్న ప్రాసెసర్లపై నడవదు.

రెండవది, మద్దతు గడువు. ఉబుంటు ఎల్‌టీఎస్ (దీర్ఘకాల మద్దతు ఉండే) విడుదలలు రెండేళ్లకొకసారి వస్తాయి, ఒక్కోదానికి ఐదేళ్ల సాధారణ మద్దతు ఉంటుంది. డెబియన్‌కు మూడేళ్ల పూర్తి మద్దతు, ఆపైన రెండేళ్ల ఎల్‌టీఎస్ మద్దతు దొరుకుతాయి. రెడ్ హ్యాట్ డిస్ట్రోకు అనుగుణంగా తయారయ్యే ఆల్మాలినక్స్, రాకీ లినక్స్ పదేళ్లు నిలుస్తాయి. ఫెడోరా మంచి డిస్ట్రోనే అయినా ఒక్కో విడుదల ఆయువు సుమారు 13 నెలలే కాబట్టి ఆఫీసుకు తగదు. గడువుతోపాటు దాని వెనుక ఎవరున్నారో కూడా చూడాలి; 2029 దాకా ఉంటుందనుకున్న సెంటాస్ లినక్స్ 8 మద్దతు 2021 డిసెంబరు 31తోనే ముగిసిపోయింది.

మూడవది, సర్వర్ పాత్రను తేల్చుకోవడం. ఫైళ్లను పంచడం ఒక్కటే కావాలంటే సాంబా (విండోస్ కంప్యూటర్లతో ఫైళ్లు పంచుకునేందుకు లినక్స్ వాడే సాఫ్ట్‌వేర్) అన్ని ప్రధాన డిస్ట్రోలలోనూ ఉంది. లినక్స్ సర్వరే డొమైన్ కంట్రోలర్ (ఆఫీసు కంప్యూటర్ల సమూహమైన డొమైన్‌లో లాగిన్లను సరిచూసే సర్వర్) కావాలంటే మాత్రం డెబియన్‌ను గానీ ఉబుంటును గానీ తీసుకోండి, ఎందుకంటే రెడ్ హ్యాట్ తన సాంబా ప్యాకేజీల్లో ఆ పాత్రకు మద్దతు ఇవ్వదు.

నాలుగవది పరీక్ష, అన్నిటికన్నా ఎక్కువ సమయం దీనికే కేటాయించాలి. లైవ్ యూఎస్‌బీతో (ఇన్‌స్టాల్ చేయకుండానే లినక్స్‌ను నడిపే పెన్‌డ్రైవ్‌తో) అతి పాత కంప్యూటర్‌నూ అతి కొత్తదాన్నీ బూట్ చేసి వైఫై, స్లీప్, రెండో మానిటర్ పనిచేస్తున్నాయో చూడండి. ఆ తర్వాత ఒకదానిలో పూర్తిగా ఇన్‌స్టాల్ చేసి, రెల్మ్‌డీ, ఎస్‌ఎస్‌ఎస్‌డీ అనే లినక్స్ ప్రోగ్రాముల సాయంతో డొమైన్‌లో చేర్చండి. చేరడం విఫలమైతే పాస్‌వర్డ్‌ను అనుమానించే ముందు గడియారాన్ని చూడాలి. కంప్యూటర్ సమయానికీ సర్వర్ సమయానికీ ఐదు నిమిషాలకు మించి తేడా ఉంటే, డొమైన్ లాగిన్లను సరిచూసే కెర్బరోస్ పద్ధతి మామూలు అమరికలో లాగిన్‌ను తిరస్కరిస్తుంది. తర్వాత డీఎన్‌ఎస్ (కంప్యూటర్ పేర్లకు చిరునామాలు చెప్పే సేవ) అమరిక: అది డొమైన్ కంట్రోలర్‌నే చూపాలి. డొమైన్ పేరు ‘.లోకల్’ అని ముగిసే పాత ఆఫీసుల్లో మరో చిక్కు ఉంది. లినక్స్ ఆ పేరును ఎండీఎన్‌ఎస్‌కు (సర్వర్ లేకుండా పక్క కంప్యూటర్లనే పేర్లు అడిగే పద్ధతికి) చెందినదిగా భావించి సర్వర్‌ను అసలు అడగకపోవచ్చు. అప్పుడు, పేర్లను ఏ వరుసలో వెతకాలో చెప్పే ఎన్‌ఎస్‌స్విచ్ ఫైల్‌లోని హోస్ట్స్ వరుసలో డీఎన్‌ఎస్‌ను ముందుకు జరపాలి. పాత ఎన్‌ఏఎస్ పెట్టె (నెట్‌వర్క్‌కు కలిపి ఫైళ్లు దాచే పరికరం) ఫైళ్లు పంచే పాత, భద్రత తక్కువైన ఎస్‌ఎంబీ1 పద్ధతిని మాత్రమే మాట్లాడితే కొత్త సాంబా దానితో మామూలుగా కలవదు. ఆ రక్షణను సడలించడం కన్నా పెట్టెను మార్చడమే సరైన పని.

ప్రింటర్ ఐపీపీ ఎవ్రీవేర్‌కు లేదా ఎయిర్‌ప్రింట్‌కు (డ్రైవర్ లేకుండా ప్రింట్ చేసే ప్రమాణాలకు) అనువైనదైతే డ్రైవర్ గొడవే ఉండదు. లిబ్రేఆఫీస్‌లో పత్రాల అమరిక చెదరకుండా కాలిబ్రికి బదులు కార్లిటో, కాంబ్రియాకు బదులు కలాడియా ఫాంట్లు ఉండేలా చూడండి.

ఎంపికలో సందేహం మిగిలితే, సర్వర్‌కు డెబియన్, డెస్క్‌టాపులకు ఉబుంటు ఎల్‌టీఎస్ లేదా లినక్స్ మింట్ అన్నది నా సలహా. మూడింటిలోనూ ఏపీటీ అనే సాధనమే సాఫ్ట్‌వేర్ ప్యాకేజీలను నడిపిస్తుంది కాబట్టి నిర్వహించేవారు ఒక్క పద్ధతి నేర్చుకుంటే చాలు. ముందుగా ఇద్దరు ముగ్గురు ఉద్యోగులకే ఇవ్వండి, వారిలో కంప్యూటర్లంటే ఆసక్తి లేనివారు ఒకరైనా ఉండాలి. కొత్త ఎల్‌టీఎస్ రాగానే మారనక్కర్లేదు; పాత ఎల్‌టీఎస్‌లో ఉన్నవారికి ఉబుంటు సైతం మొదటి పాయింట్ విడుదల (దిద్దుబాట్లను కలిపిన తొలి సవరణ) వచ్చాకే ఆ అప్‌గ్రేడ్‌ను చూపిస్తుంది.