సైటు పనికి వెళ్లేవాళ్ల మధ్యాహ్నం డబ్బా

బెంగళూరులో మారతహళ్లి వైపు బిల్డింగులు కట్టే సైట్లలో సెంట్రింగ్, టైల్స్ పని చేసే మనవాళ్లు పొద్దున్నే తెల్లన్నం, పల్చటి చారు కట్టుకుని పోతే మూడింటికల్లా కాళ్లు లాగేస్తాయి. అన్నం తగ్గించమనను. దాంతోపాటు పప్పో, పల్లీలో, గుడ్డో ఉండాలి.

నా మాట విని రాగి సంగటి కట్టుకోండి, బెంగళూరులో రాగిపిండి ఏ కొట్లోనైనా దొరుకుతుంది. గ్లాసు బియ్యం నాలుగు గ్లాసుల నీళ్లలో మెత్తగా ఉడికాక, ఉప్పేసి, గ్లాసు రాగిపిండి కుప్పగా పోసి, కలపకుండా మూతపెట్టి సన్న మంట మీద ఐదారు నిమిషాలు వదిలేసి, అప్పుడు కట్టెతో ఉండల్లేకుండా గట్టిగా కెలకండి. తడి వేలితో ముట్టుకుంటే అంటకూడదు, అంటితే ఇంకా ఉడకాలి. ముద్దలకు కాస్త నెయ్యి రాసి సర్దితే మధ్యాహ్నానికి కూడా మెత్తగానే ఉంటాయి.

నంజుకోవడానికి పల్లీల పచ్చడి: వేయించిన పల్లీలు, ఎండుమిర్చి, చింతపండు, వెల్లుల్లి. కొబ్బరి వద్దు, ఎండలో పాడవుతుంది.

పెరుగన్నం ఇష్టమైతే అన్నంలో పాలు ఎక్కువగా పోసి ఒక్క స్పూను పెరుగు కలపండి, తినే వేళకు పులవకుండా తోడుకుంటుంది. శనగలో అలసందలో రాత్రి నానబెట్టి పొద్దున ఉడికించి పక్క గిన్నెలో పడేయండి, నాలుగింటి ఆకలికి పనికొస్తాయి.

పొగలు కక్కే అన్నం మీద మాత్రం మూత బిగించొద్దు. ఆవిరి నీళ్లకే డబ్బా వాసనొస్తుంది.