పాత లండన్ పత్రికల బొమ్మలు కొనేముందు

నేను మొదట వెతికింది 1877 నాటి మద్రాసు కరువు బొమ్మల కోసం. మా నాయనమ్మ 'ధాత కరువు' అనేది దాన్నే. కడప, కర్నూలు, బళ్లారి జిల్లాలు అల్లాడిపోయిన కరువు. 'ఇలస్ట్రేటెడ్ లండన్ న్యూస్', 'ది గ్రాఫిక్' వారపత్రికలు ఆ బొమ్మలు వేశాయి.

కొనేటప్పుడు ముందు కాగితం తిప్పి చూడండి. వెనక ఇంగ్లిషు వార్తో, ఇంకో బొమ్మో ఉండాలి. ఖాళీగా ఉంటే వెంటనే నకిలీ అనుకోకండి, అనుమానం మాత్రం పెట్టుకోండి. తర్వాత భూతద్దం. చెక్కపై చెక్కిన బొమ్మయితే గీతలు తెగకుండా, నిండు నలుపుతో కనిపిస్తాయి. అంతా సన్నని చుక్కలే ఉంటే అది ఈమధ్య అచ్చేసిన నకలు కావచ్చు, లేదా 1890ల నుంచి విరివిగా వాడిన హాఫ్‌టోన్ (ఫొటోను సన్నని చుక్కలుగా మార్చి అచ్చేసే పద్ధతి). పెద్ద బొమ్మల్లో నిలువునా సన్నటి తెల్లగీత కనబడితే సంతోషించండి. చిన్న చిన్న చెక్కముక్కల్ని బోల్టులతో బిగించి అచ్చేసేవాళ్లు, ఆ అతుకే అది. నాకైతే ఆ గీత ఉన్న బొమ్మే ముద్దు.

రంగులు చూసి మోసపోవద్దు. వీటిలో చాలావాటికి రంగులు తర్వాత ఎవరో చేత్తో అద్దినవే. ఎక్కువ డబ్బు పెట్టక్కర్లేదు.

లామినేషన్ జోలికి పోకండి. ఒకటి అలా చేయించి పాడు చేసుకున్నాను, వేడికి ప్లాస్టిక్ అతుక్కుపోయింది, ఇక ఊడదు. సెల్లో టేపూ వద్దు. యాసిడ్ లేని కాగితాల మధ్య పరిచి, ఎండ తగలని బీరువాలో పెట్టండి. తేదీ రాయాలంటే వెనక మూలన, పెన్సిల్‌తోనే.