వరికోతల వారం: పన పడిన దగ్గర్నుంచి కుప్ప పడేదాకా

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పల్లపు చేలన్నీ నవంబరు చివర్నుంచి డిసెంబరులోపు ఒక్కసారే కోతకొస్తాయి. బంగాళాఖాతంలో అల్పపీడనాలు పుట్టే కాలమూ అదే. అందుకే నాలుగైదు రోజుల్లో ఎంత కుప్ప పెట్టగలరో అంతే కోయండి. కూలీలు దొరికారు కదా అని రెండెకరాలూ ఒక్కరోజే పడేస్తే, ముసురు పట్టిన రోజున రెండెకరాలూ తడుస్తాయి.

కోతకి వారం, పది రోజుల ముందే మడిలో నీరు తీసేయాలి. వెన్నులో నూటికి ఎనభై, తొంభై గింజలు పండితే కోతకొచ్చినట్టే. కాడ దగ్గరుండే గింజలు ఆఖరున ముదురుతాయి కాబట్టి వాటినే కొరికి చూడండి. టక్కున విరిగితే సరే, పిండిలా నలిగితే ఇంకో రెండు మూడు రోజులు ఆగాలి. మరీ ఆగితే కొడవలి తగలగానే గింజ రాలిపోతుంది.

వరి తరవాత మినుము వేసేవాళ్లకి అసలు తొందర ఇక్కడే. ఎకరానికి 16 నుంచి 18 కిలోల విత్తనం, కోతకి రెండు మూడు రోజుల ముందు నిలబడ్డ చేలోనే చల్లాలి. పదును ఎలా చూడాలంటే, మడిలో నడిస్తే అడుగు ముద్ర పడాలి, ఆ ముద్రలో నీరు ఊరకూడదు. నీరు ఊరితే విత్తనం కుళ్లుతుంది. అడుగే పడకపోతే మొలక సరిగా రాదు. చల్లాక కోత వాయిదా వేయొద్దు. పనలు (కోసి పరిచిన వరి) ఎక్కువ రోజులు పడి ఉంటే వాటి కింద మొలక వెలుతురు లేక పాలిపోయి సాగుతుంది, పన ఎత్తగానే ఎండకి వాడిపోతుంది. మిషను కోతయితే చక్రాల కింద మొలక నలుగుతుంది. మినుము మీద ఆశ ఉన్న మడిని చేత్తోనే కోయించడం మంచిది.

కోసిన పనని మోళ్ల మీద పరవాలి, వెన్నులన్నీ ఒకే వైపు ఉండాలి. వెన్ను నేలకి తగిలితే చెమ్మ పీల్చుకుంటుంది. మూడు నాలుగు రోజులు ఎండనిచ్చి, తెల్లవారుజామున మంచు చెమ్మ ఉండగానే కట్టలు కట్టండి, గింజ రాలదు. కట్టినవి ఎండలో ఆరాకే కుప్పకి ఎత్తాలి.

మధ్యలో వాన పడితే ముందు మడిలో నీరు బయటికి తీయండి. లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి వెన్నుల మీద పిచికారీ చేస్తే వడ్లు మొలకెత్తడం తగ్గుతుంది. ఎకరానికి 200 లీటర్లు పడుతుంది, అంటే 10 కిలోల ఉప్పు. వాన ఆగిన రోజే కొట్టాలి. తెల్ల మొలక కనిపించాక కొట్టి లాభం లేదు.

ఈ వారం పొయ్యి కూడా తెల్లారకముందే వెలగాలి. పదిమందికి అంబలంటే అరకిలో చోడి (రాగి) పిండిని రాత్రే లీటరు నీళ్లలో కలిపి పులియబెట్టాలి. పొద్దున్నే నాలుగు లీటర్ల నీళ్లలో పావుకిలో నూకలు ఉడికించి, పిండిని పలచన చేసి పోస్తూ కలపాలి. పొడిపిండి నేరుగా వేస్తే ఉండలు కడుతుంది. చల్లారాక మజ్జిగ, ఉప్పు కలిపి, ఉల్లిపాయతో కళ్లానికి పంపండి.

కుప్పకి మెరక చోటు చూసుకుని, అడుగున ఎండుగడ్డి మందంగా పరవండి. వెన్నులు లోపలికి, మొదళ్లు బయటికి ఉండాలి. పైన వాలుగా పెట్టి గడ్డి కప్పితే నీరు జారిపోతుంది. రెండో రోజు కుప్పలోకి మోచేతి దాకా చెయ్యి పెట్టి చూడండి. వేడిగా, పులిసిన వాసనగా ఉంటే పచ్చి పన పడిందన్నమాట. వెంటనే విప్పి ఆరబెట్టకపోతే గింజ రంగు మారుతుంది, అమ్మకంలో ధర తెగుతుంది.

నూర్చిన ధాన్యాన్ని టార్పాలిన్ మీద రెండంగుళాల మందాన పోసి, గంటకోసారి తిరగెయ్యండి. పలచగా పోసి మధ్యాహ్నం ఎండకి వదిలేస్తే గింజ పగిలి మిల్లులో నూక ఎక్కువవుతుంది. ప్రభుత్వ కొనుగోలుకి తేమ 17 శాతం దాటకూడదు. బస్తా కట్టకముందే తేమ కొలిపించుకోండి, ప్రభుత్వ పంట నమోదు అయిన ఈ-క్రాప్‌లో మీ పేరు, సర్వే నంబరు, రకం సరిగ్గా ఉన్నాయో కోతలకి ముందే చూసుకోండి. విత్తనానికి ఉంచేదాన్ని మాత్రం ఇంకా ఆరబెట్టి, 12, 13 శాతానికి దించి విడిగా దాచాలి.