వీసా ఫారం నింపేటప్పుడు మెమో పక్కన పెట్టండి, పాస్‌పోర్టు తెరవండి

ఎం.ఎస్. చదవడానికి అమెరికా బయలుదేరే పిల్లలకు వీసా ఇంటర్వ్యూ స్లాటు ఎప్పుడు దొరుకుతుందో, నానక్‌రామ్‌గూడ కాన్సులేటులో ఏమడుగుతారో, కుక్కర్ తెచ్చుకోవాలో వద్దో చెప్పేవాళ్ళు ఊరినిండా ఉన్నారు. నేను పేరు గురించే చెబుతాను. మొన్న ఆగస్టులో ఇక్కడ అమెరికాలో మా అపార్టుమెంటులో దిగిన కుర్రవాడి అవస్థ చూశాక మరేదీ చెప్పబుద్ధి కావడం లేదు.

అతని పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీ. ఇంటిపేరుతో సహా మొత్తం గివెన్ నేమ్ గడిలోనే ఉంది. పదో తరగతి మెమోలో పేరంతా ఒకే వరుసలో ఉంటుంది కదా, దరఖాస్తు నింపిన నెట్ సెంటరువారు దాన్ని అలాగే ఒక గడిలోకి దించేశారు. ఇంటి దగ్గర ఉన్నంతకాలం ఎవరికీ పట్టలేదు. డీఎస్-160 అనే అమెరికా వీసా దరఖాస్తు ఫారం దగ్గర పట్టింది. పాస్‌పోర్టులో సర్‌నేమ్ లేకపోతే, ఉన్న పేరంతా ఆ ఫారంలోని సర్‌నేమ్ గడిలో రాసి, గివెన్ నేమ్ గడిలో ఎఫ్‌ఎన్‌యూ అని పెట్టాలి. మొదటి పేరు తెలియదని దాని అర్థం. వీసా మీద కూడా అదే అచ్చవుతుంది. ఇప్పుడు క్లాసులో ప్రొఫెసరు హాజరు తీసుకుంటూ అతన్ని ‘ఫ్నూ’ అని పిలుస్తున్నారు. అతనూ పలుకుతున్నాడు, పాపం.

అందుకే చెబుతున్నాను, జీఆర్‌ఈ పరీక్షకు డబ్బు కట్టే రోజునే పాస్‌పోర్టు తెరిచి చూడండి. సర్‌నేమ్ ఖాళీగా ఉంటే పాస్‌పోర్టు సేవా కేంద్రంలో రీ-ఇష్యూకు పెట్టి రెండు గడులూ సరిచేయించుకోండి. యూనివర్సిటీ పంపే ప్రవేశ పత్రం ఐ-20 వచ్చేశాక, స్లాటు పట్టుకున్నాక, ‘ఇప్పుడు టైము ఎక్కడుందన్నా’ అని నన్నడిగితే నేనేం చేయను? ఒకవేళ ఐ-20 వచ్చాకే పాస్‌పోర్టు మారిస్తే, యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల కాగితాలు చూసే డీఎస్‌ఓకు కొత్తదాని కాపీ పంపి ఐ-20లో పేరు కూడా మార్పించుకోవడం మరవకండి.

మీ పేరు ఏదో మీకే అనుమానమైతే, ఫోటో ఉన్న పేజీ అడుగున యంత్రం చదివే రెండు వరుసలు చూడండి. వరుసకు 44 అక్షరాల చోటు ఉంటుంది. పై వరుసలో ఐ-ఎన్-డి తర్వాత ఇంటిపేరు, దాని వెనుక బాణపు మొనల్లాంటి రెండు గుర్తులు, ఆ తర్వాత మీ పేరు. విమానాశ్రయంలో యంత్రం చదివేది దాన్నే. మెమోలో ఏముందో, ఆధార్‌లో ఏముందో, పెళ్ళి శుభలేఖలో ఏం వేయించారో దానికి అనవసరం.

ఇక స్పెల్లింగు. లక్ష్మి మెమోలో ఎక్స్‌తో ఉంటుంది, పాస్‌పోర్టులో కె-ఎస్-హెచ్‌తో ఉంటుంది. చౌదరిలో ఒకచోట ఓ-డబ్ల్యూ, ఇంకోచోట ఓ-యూ. స్వాతికి ఒక కాగితంలో హెచ్ ఉంటే మరో కాగితంలో ఉండదు. ఇలాంటివి కనబడగానే వీసా ఫారంలో మెమో ప్రకారం ‘సరిచేసే’ కన్సల్టెన్సీవాళ్ళు ఉన్నారు. దయచేసి సరిచేయనివ్వకండి! పాస్‌పోర్టులో తప్పుంటే ఆ తప్పునే ఎక్కించండి. మనసొప్పకపోతే ముందు పాస్‌పోర్టు మార్చుకుని రండి. ఈ రెండూ కాక మూడో దారి లేదు. సాయికిరణ్ అని కలిపి ఉంటే కలిపే రాయండి, విడిగా ఉంటే విడిగానే. విడిగా ఉన్నప్పుడు ఇక్కడి కంప్యూటర్లు రెండో ముక్కను చాలాసార్లు మిడిల్ నేమ్‌లోకి తోసేస్తాయి. అందువల్లే వెంకట నాగ సాయి ఫలానా అనే వారందరూ ఇక్కడ వెంకటలైపోతారు. మా ల్యాబులో పిలిస్తే ముగ్గురు తలెత్తేవారు. దానికి మందు లేదు, అలవాటు పడండి. ఇక్కడ పని చేసేవారికి ఇచ్చే నంబరు కార్డు, అదే సోషల్ సెక్యూరిటీ కార్డు మీద మొదటి పేరుకు, మధ్య పేరుకు కలిపి 26 అక్షరాలే పడతాయి కాబట్టి పొడవు పేర్లకు తోక తెగుతుంది. దానికీ కంగారు పడకండి.

వీసా ఫారంలో టెలికోడ్ (కొన్ని భాషల పేర్లలోని అక్షరాలకు వాడే నాలుగంకెల కోడ్) ఉందా అని అడుగుతారు. లేదనండి. మీ భాషలో పేరు రాయమన్నచోట తెలుగులో టైపు చేయండి. పంపేశాక తప్పు కనబడితే కొత్త ఫారం నింపి, ఆ కొత్త నంబరును అపాయింట్‌మెంటు ఖాతాలో మార్చండి.

నా కాగితాలన్నీ సరిగ్గానే ఉండేవి. అయినా మొదటి నెలలు నరకమే. దేశంలోకి అడుగుపెట్టినప్పుడు నమోదైన ఐ-94లో నా పేరు, ఇంటిపేరు తారుమారయ్యాయి. అది చూసుకోవాలని చెప్పినవారే లేరు. ఒక కార్యాలయంవారు ఇంకోచోటికి పొమ్మన్నారు, అక్కడివారు మళ్ళీ మొదటిచోటికే పొమ్మన్నారు. మంచు మొదలైంది, లైసెన్సు లేదు, పాల డబ్బాకు కూడా రూమ్మేటు కారు ఖాళీ అయ్యేదాకా కూర్చోవాలి. అందుకే దిగిన వారంలోనే సీబీపీ (అమెరికా సరిహద్దు తనిఖీ శాఖ) వెబ్‌సైటులో మీ ఐ-94 తీసి అక్షరం అక్షరం చూడండి. తేడా ఉంటే డిఫర్డ్ ఇన్‌స్పెక్షన్ కార్యాలయంవారు సరిచేస్తారు. పెద్ద విమానాశ్రయాల్లో చాలావాటిలో అది ఉంటుంది. ఆ పని అయ్యాకే సోషల్ సెక్యూరిటీకి వెళ్ళండి, ఆ తర్వాతే లైసెన్సుకు. లైసెన్సువాళ్ళు ముందు రెంటినీ కంప్యూటరులో సరిచూస్తారు కాబట్టి వరుస తప్పితే తిరుగుడే.

సరే, ఇంతగా బెదిరించాను కాబట్టి ఇదీ చెప్పాలి. ఎఫ్‌ఎన్‌యూతోనే చదువు ముగించి, ఉద్యోగంలో కుదురుకుని, ఇల్లు కొనుక్కున్నవారు నాకు తెలుసు. తిరుగుడు ఎక్కువ, అంతే. కాన్సులేటువారు వీసా మీద అక్షరం తప్పుగా వేస్తే వాళ్ళే దిద్ది ఇస్తారు. పాస్‌పోర్టు చేతికొచ్చిన రోజునే చూసి అడగాలి, విమానం ఎక్కేముందు కాదు.

పనిలో పనిగా అమ్మానాన్నల పాస్‌పోర్టులు కూడా తెరవండి. అమ్మకు పుట్టింటి ఇంటిపేరా, అత్తింటిదా, అసలేమీ లేదా? ఒకే పేరుతో చిక్కు అమెరికాలోనే కాదు: ఒకే పేరున్న పాస్‌పోర్టుతో విజిట్ వీసా మీద వచ్చేవారిని రానివ్వబోమని యూఏఈ 2022 నవంబరులో ప్రకటించింది, తర్వాత కొంత సడలించింది. మీ కాన్వొకేషనుకు వాళ్ళు రావాలంటే ఆ గడులు ఇప్పుడే నింపించండి.