డిగ్రీ మధ్యలో విశ్వవిద్యాలయం మారాలంటే

గద్వాలలో రెండో సెమిస్టర్ రాసిన అమ్మాయికి మిర్యాలగూడ సంబంధం కుదురుతుంది. తండ్రికి బదిలీ కావడంతో ఒక కుటుంబం నాగర్‌కర్నూల్ నుంచి సూర్యాపేటకు మారుతుంది. ఇలాంటి సందర్భాలలో మన జిల్లాల విద్యార్థులు కొందరు చదువు ఆపేస్తారు, మరికొందరు కొత్త ఊళ్లో మొదటి సంవత్సరం నుంచి మళ్లీ మొదలుపెడతారు. చదివిన సెమిస్టర్లను వదులుకోకుండానే మరో విశ్వవిద్యాలయంలో చేరే మార్గం ఉన్నప్పుడు ఒక ఏడాదినో రెండేళ్లనో ఇలా పోగొట్టుకోవడం బాధాకరం. అయితే ఈ ప్రయత్నంలో పనుల వరుస చాలా ముఖ్యం. కొత్త చోట సీటు ఉందనీ, చేర్చుకుంటామనీ రాతపూర్వకంగా అందేవరకు పాత కళాశాల నుంచి టీసీ తీసుకోకూడదు. టీసీ చేతికి వచ్చిన రోజుతో అక్కడి విద్యార్థి హోదా పోతుంది. కొత్త చోట అనుమతి రాకపోతే రెంటికీ చెడ్డ రేవడి అవుతారు.

మీరు మారుతున్నది కళాశాలా, విశ్వవిద్యాలయమా అన్నది ముందుగా తేల్చుకోవాలి. 2007లో ఏర్పడిన మహాత్మా గాంధీ విశ్వవిద్యాలయం కింద నల్గొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి జిల్లాల కళాశాలలు ఉన్నాయి. 2008లో ఏర్పడిన పాలమూరు విశ్వవిద్యాలయం కింద మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల, నారాయణపేట జిల్లాలవి ఉన్నాయి. వనపర్తి నుంచి మహబూబ్‌నగర్‌కు మారేవారు ఒకే విశ్వవిద్యాలయంలో ఉంటారు కాబట్టి వారికి మైగ్రేషన్ (విశ్వవిద్యాలయం మారేవారికి పాత విశ్వవిద్యాలయం ఇచ్చే ధ్రువపత్రం) అవసరం రాదు, పాఠ్యాంశాల పోలిక కూడా సులభం. వనపర్తి నుంచి నల్గొండకు మారేవారి విషయంలో మాత్రం రెండు విశ్వవిద్యాలయాలూ ఒప్పుకోవాలి. పాలిటెక్నిక్ డిప్లొమా పూర్తిచేసి బీటెక్ రెండో సంవత్సరంలో చేరదలచినవారి మార్గం ఈసెట్ ప్రవేశ పరీక్ష. అది బదిలీ కిందికి రాదు.

సమయం సంగతికి వస్తే, బదిలీలను సాధారణంగా విద్యా సంవత్సరం ఆరంభంలోనే, అంటే మూడో సెమిస్టర్‌కో ఐదో సెమిస్టర్‌కో ముందు పరిశీలిస్తారు. ఆ రెండింటిలో మూడో సెమిస్టరే మేలని నా అభిప్రాయం. విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2021లో తెచ్చిన అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ (ఉత్తీర్ణమైన పేపర్లకు వచ్చే క్రెడిట్లను విద్యార్థి పేరిట జమచేసే ఖాతా) నిబంధనల ప్రకారం, క్రెడిట్లను బదిలీ చేసుకునే విద్యార్థి పట్టా ఇచ్చే సంస్థలో కనీసం సగం క్రెడిట్లు సంపాదించాలి. ఆరు సెమిస్టర్లలో నాలుగు పాత చోటే ముగిస్తే కొత్త చోట చదివేందుకు మిగిలేది మూడో వంతు మాత్రమే. డిగ్రీ ఆన్‌లైన్ ప్రవేశాల విధానమైన దోస్త్ ద్వారా చేరి ఇంకా మొదటి సెమిస్టర్‌లోనే ఉన్నవారు తొందరపడకుండా, వీలైతే ఆ సంవత్సరం పరీక్షలన్నీ రాసి, ఆ మెమోలతో అడగడం మంచిది.

దరఖాస్తులు ఎక్కువగా చిక్కుకునేది పాఠ్యాంశాల దగ్గరే. మార్కులు బాగుంటే చాలని చాలామంది అనుకుంటారు గాని, అవతలివారు మొదట చూసేది మీ గ్రూపును. బీఎస్సీలో వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం, రసాయనశాస్త్రం చదివిన విద్యార్థి వెళ్లదలచిన కళాశాలలో అదే కలయిక లేకపోతే, ఖాళీలు ఎన్ని ఉన్నా ప్రయోజనం ఉండదు. రెండో భాష ఇంకా సూక్ష్మమైన చిక్కు. మొదటి సంవత్సరంలో సంస్కృతం తీసుకున్నవారు చేరబోయే చోట తెలుగు, హిందీ మాత్రమే బోధిస్తుంటే, మిగిలిన సెమిస్టర్లలో ఏ భాష రాయాలో, పాత మార్కులను ఎలా లెక్కిస్తారో చేరకముందే రాతపూర్వకంగా తెలుసుకోవాలి. మాధ్యమం మారితే దాన్నీ ప్రస్తావించాలి. నల్గొండలోని నాగార్జున ప్రభుత్వ కళాశాల, మహబూబ్‌నగర్‌లోని ఎంవీఎస్ ప్రభుత్వ కళాశాల వంటి స్వయంప్రతిపత్తి సంస్థలు తమ పాఠ్యప్రణాళికను తామే రూపొందించుకుంటాయి కాబట్టి, అక్కడికి వెళ్లినా అక్కడి నుంచి వచ్చినా పోలిక మరింత జాగ్రత్తగా చేయాలి.

దీనికి ఒక తెల్లకాగితం చాలు. ఎడమ వైపు మీరు ఉత్తీర్ణులైన ప్రతి పేపరు పేరు, దాని కోడ్, క్రెడిట్లు, కుడి వైపు కొత్త విశ్వవిద్యాలయంలో అదే సెమిస్టర్‌కు ఉన్న పేపరు రాయండి. కుడి వైపు ఉండి ఎడమ వైపు లేని పేపర్లను చేరాక అదనంగా రాయవలసి రావచ్చు. ఈ పట్టికకు పాత సిలబస్ ప్రతులను జతచేసి, వాటిపై ప్రిన్సిపాల్ సంతకం, ముద్ర వేయించుకుంటే, పరిశీలించే విభాగాధిపతి పని సగం తగ్గుతుంది, మీ కాగితం కూడా త్వరగా కదులుతుంది. బ్యాక్‌లాగ్‌లు (తప్పిన పేపర్లు) ఉంటే దాచకండి. పాత విశ్వవిద్యాలయం నిర్వహించే పరీక్షలోనే వాటిని పూర్తిచేసి వెళ్లడం అన్నింటికన్నా క్షేమం.

ఆ తరువాత చేరదలచిన కళాశాల ప్రిన్సిపాల్‌ను కలిసి, మీ గ్రూపులో ఖాళీ ఉన్నట్లు, చేర్చుకోవడానికి అభ్యంతరం లేనట్లు ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం) అడగాలి. అది చేతికి వచ్చాక పాత ప్రిన్సిపాల్ వద్ద మరో ఎన్‌ఓసీ తీసుకోవాలి. ఈ రెండింటితో విశ్వవిద్యాలయానికి రాసే దరఖాస్తు క్లుప్తంగా, ఆధారాలతో ఉండాలి. ఉదాహరణకు: "నేను బీకాం రెండో సెమిస్టర్ పూర్తిచేశాను. మా తండ్రిగారికి సూర్యాపేటకు బదిలీ అయినందున అక్కడి కళాశాలలో మూడో సెమిస్టర్‌లో చేరడానికి అనుమతి కోరుతున్నాను. బదిలీ ఉత్తర్వు, రెండు కళాశాలల ఎన్‌ఓసీలు, మెమోల ప్రతులు జతచేశాను." పెళ్లి కారణమైతే వివాహ ధ్రువపత్రం, అనారోగ్యమైతే ప్రభుత్వ వైద్యుని ధ్రువీకరణ జతచేయాలి. దరఖాస్తు ఇచ్చినప్పుడు మీ ప్రతిపై ఇన్‌వర్డ్ నంబరు, తేదీ వేయించుకోవడం మరవవద్దు. బండమీదిపల్లిలోని పాలమూరు విశ్వవిద్యాలయానికి గాని, అన్నెపర్తిలోని మహాత్మా గాంధీ విశ్వవిద్యాలయానికి గాని మళ్లీ వెళ్లినప్పుడు మీ ఫైలు వెతకడానికి ఆ నంబరే ఆధారం.

అనుమతి పత్రం వచ్చాకే కళాశాలలో టీసీ, ప్రవర్తన ధ్రువపత్రం, విశ్వవిద్యాలయ పరీక్షల విభాగంలో మైగ్రేషన్ తీసుకోవాలి. బోధన రుసుము ప్రభుత్వం నుంచి ఇంకా రాలేదనో, మిగతా సంవత్సరాల ఫీజు కట్టాలనో కొన్ని కళాశాలలు ఇంటర్ మెమో, టీసీ ఆపుతుంటాయి. పేద విద్యార్థులు నలిగిపోయేది ఇక్కడే. అసలు ధ్రువపత్రాలను సంస్థలు తమ వద్ద ఉంచుకోరాదని నిధుల సంఘం 2018లో స్పష్టంగా ప్రకటించింది. 2023 నాటి విద్యార్థుల ఫిర్యాదుల పరిష్కార నిబంధనల కింద కళాశాలలో కమిటీ, విశ్వవిద్యాలయ స్థాయిలో ఫిర్యాదులు విచారించే అంబుడ్స్‌పర్సన్ ఉండాలి. నోటిమాటగా వాదించి వెనుదిరగకుండా ముందు ప్రిన్సిపాల్‌కు, తరువాత కమిటీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి రసీదు తీసుకోండి.

ప్రభుత్వ స్కాలర్‌షిప్‌ల ఆన్‌లైన్ విధానమైన ఈ-పాస్ కింద ఫీజు రీయింబర్స్‌మెంట్ పొందుతున్నవారు ఈ సంగతి టీసీ తీసుకోకముందే తేల్చుకోవాలి. మీ దరఖాస్తు పాత కళాశాల పేరుతో నమోదై ఉంటుంది కాబట్టి, బదిలీ తరువాత రెన్యువల్ ఎలా చేయాలో జిల్లా సంక్షేమ అధికారి కార్యాలయంలో అడిగి, రెండు కళాశాలల స్కాలర్‌షిప్ గుమస్తాలకూ విషయం తెలియజేయండి. మధ్యలో చదువు ఆగిన కాలం ఉంటే గ్యాప్ సర్టిఫికెట్ కూడా సిద్ధం చేసుకోవాలి.

చేరిన తరువాత డిజిలాకర్‌లోని మీ క్రెడిట్ ఖాతాలో పాత సెమిస్టర్ల క్రెడిట్లు కనిపిస్తున్నాయో లేదో చూడండి. కొత్త హాల్‌టికెట్ నంబరు రాగానే, పాత మార్కులు ఆ నంబరు కింద నమోదయ్యాయా అని పరీక్షల విభాగంలో విచారించండి. ఇది ఆరో సెమిస్టర్ దాకా వాయిదా వేస్తే తుది మెమో ఆగిపోయి, పీజీ ప్రవేశ గడువు దాటిపోయే ప్రమాదం ఉంది. పాత మెమోలు, టీసీ, మైగ్రేషన్ అన్నింటినీ ఇచ్చేముందే స్కాన్ చేసి ఉంచుకోండి. మైగ్రేషన్ అసలు ప్రతి కొత్త విశ్వవిద్యాలయం వద్దే ఉండిపోతుంది.