పాత వాల్వు రేడియో, మైకుసెట్టు: ఫ్యూజు ఎందుకు పోతోంది, ఏది వెయ్యాలి

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు అటకల మీంచి దిగే వాల్వు రేడియోలు, గుడి కమిటీల గదుల్లో మూలపడ్డ మైకుసెట్లు విప్పి చూస్తే, ఫ్యూజు గూట్లో అసలు ఫ్యూజు ఉండడమే అరుదు. సిగరెట్టు పెట్టెలోని వెండికాగితం చుట్టినదో, రాగి పోగు టంకం వేసినదో కనిపిస్తుంది. 0.2 మి.మీ. రాగి పోగు కరగాలంటే దాదాపు 7 ఆంపియర్లు పారాలి. 230 వోల్టుల దగ్గర అది 1600 వాట్లు. రేడియో మామూలుగా లాగేది 50 వాట్లు. అంటే పోగు కరిగేలోపు ట్రాన్స్‌ఫార్మరే కాలిపోతుంది. దాన్ని మళ్ళీ చుట్టించడం ఫ్యూజు కొన్నంత తేలిక కాదు.

పోయిన ఫ్యూజును పారెయ్యకండి, వెలుతురులో పట్టి చూడండి. గాజు లోపల నల్లగానో, అద్దంలా వెండి పూతగానో ఉంటే గట్టి షార్టు. గాజు తేటగా ఉండి తీగ మధ్యలో తెగితే లోడు కొంచెం ఎక్కువై నెమ్మదిగా పోయిందని. తీగ బాగానే ఉండి చివర టోపీ దగ్గర టంకం కరిగితే తప్పు సెట్టుది కాదు, ఫ్యూజు గూటిది.

ముందు ఏ ఫ్యూజు వెయ్యాలో

సెట్టు వెనక ముద్రించి ఉంటే అదే వెయ్యండి. చెరిగిపోతే వాట్లను వోల్టులతో భాగించండి. అయిదు వాల్వుల రేడియో 45–50 వాట్లు, అంటే 0.2 ఆంపియరు పైచిలుకు. దానికి రెట్టింపు దగ్గర్లో T రకం (నిదానంగా పోయేది) 500 మిల్లీ ఆంపియర్లు సరిపోతుంది. రెండు EL34 వాల్వులు ఉన్న 30 వాట్ల ఆంప్లిఫయరు 120 వాట్ల వరకూ లాగుతుంది, దానికి T 1 ఆంపియరు.

టోపీ మీద T500mAL250V అని చెక్కి ఉంటే ఇలా చదవాలి: T అంటే నిదానంగా పోయేది, F అంటే చప్పున పోయేది. ఈ రెండూ జర్మన్ మాటల మొదటి అక్షరాలు. L అంటే తెంపగల షార్టు కరెంటు తక్కువ (35 ఆంపియర్లు, లేదా రేటింగుకు పది రెట్లు, ఏది ఎక్కువైతే అది). H అంటే 1500 ఆంపియర్లు. ఇది ఎక్కువగా ఇసుక నింపిన పింగాణీ గొట్టంలో వస్తుంది. 250 వోల్టుల ఫ్యూజును 12 వోల్టుల చోట వాడొచ్చు. కారు ఫ్యూజు మీద 32 వోల్టులని ఉంటుంది, దాన్ని మెయిన్స్‌లో పెడితే తెగిన చోట మంట నిలబడిపోతుంది.

T వేస్తే రక్షణ తగ్గుతుందని చాలామంది భయం. గాజు ఫ్యూజుల అంతర్జాతీయ ప్రమాణం చూస్తే లెక్క వేరు. 500 మిల్లీ ఆంపియర్ల ఫ్యూజు, T అయినా F అయినా, 750 దగ్గర గంటసేపు నిలవాలి. 1.05 ఆంపియర్ల దగ్గర T రెండు నిమిషాల్లో పోవాలి. అదే F అయితే అరగంట వరకూ ఉండొచ్చు. T ఓర్చుకునేది స్విచ్ వేసిన క్షణంలో వచ్చే కరెంటు ఉరుకుడినే.

సైజు కూడా చూసుకోండి. 5×20 మి.మీ., 6.3×32 మి.మీ. రెండూ దొరుకుతాయి. పొట్టిదాన్ని పొడుగు గూట్లో తీగ చుట్టి ఇరికించడం మానండి, గూడు మార్చండి.

"సిచ్చి వేస్తే సాలు, ఎగిరిపోతంది", గాజు నల్లగా

కొత్త ఫ్యూజు పెట్టేముందు 60 వాట్ల ఫిలమెంటు బల్బును సీరీస్‌లో కలపండి (ఆంప్లిఫయరుకు 100 వాట్లది). LED బల్బు ఇందుకు పనికిరాదు. బల్బు ఒక్కసారి మెరిసి మసకబారితే షార్టు లేదు. నిండుగా వెలుగుతూ ఉంటే ఉంది.

అప్పుడు సెట్టు ప్లగ్గు తీసి, ఫిల్టరు కండెన్సర్లను 10 కిలో ఓమ్‌ల 5 వాట్ల రెసిస్టరుతో రెండు మూడు సెకన్లు డిశ్చార్జి చెయ్యండి. స్క్రూడ్రైవరు అడ్డం పెడితే టప్‌మని పేలుతుంది, కండెన్సరూ పాడవుతుంది. వాల్వులన్నీ, డయలు బల్బూ పీకి మళ్ళీ స్విచ్ వెయ్యండి. అయినా బల్బు నిండుగా వెలిగితే రెండే అనుమానాలు. ఒకటి మెయిన్స్‌కు అడ్డంగా ఉన్న పాత కాగితం కండెన్సరు. ఒక కాలు విప్పి చూడండి, పోయుంటే X2 తరగతిది వెయ్యండి. మెయిన్స్ నుంచి చాసీకి (సెట్టు లోహపు చట్రానికి) వెళ్ళేదైతే Y2 తరగతిది. రెండోది ట్రాన్స్‌ఫార్మరు. సెకండరీ (సెట్టుకు వోల్టేజి ఇచ్చే వైపు) తీగలన్నీ విప్పినా బల్బు వెలుగుతూనే ఉంటే లోపల చుట్లు కలిసిపోయాయి, చుట్టించక తప్పదు.

వాల్వులు పీకితే బల్బు ఆరిపోయిందా? రెక్టిఫయరు వాల్వు (AC ని DC చేసేది) తప్ప మిగతావి పెట్టి చూడండి, తర్వాత రెక్టిఫయరు. దాంతోనే వెలిగితే ఆ వాల్వు లోపల షార్టు, లేదా మొదటి ఫిల్టరు కండెన్సరు. ఏళ్ళ తరబడి కరెంటు చూడని కండెన్సరు నమ్మదగ్గది కాదు. 32 మైక్రోఫారడ్‌కు బదులు 33 మైక్రోఫారడ్ 450 వోల్టులది వెయ్యండి. "గుర్రు మోత తగ్గుతుంది కదా" అని 100 వెయ్యకండి. EZ80, EZ81 వాల్వులకు మొదటి కండెన్సరు 50 మైక్రోఫారడ్ దాటకూడదు.

"ఒకోసారి పోతంది, ఒకోసారి పోదు", గాజు తేటగా

T ఉండాల్సిన చోట F పెట్టడం మామూలు కారణం. వాల్వుల్లో చల్లగా ఉన్న హీటర్ల నిరోధం వేడెక్కాక ఉన్నదానిలో చిన్న వంతే. పైగా ట్రాన్స్‌ఫార్మరు ఉరుకుడు, స్విచ్ పడిన క్షణంలో కరెంటు అల ఎక్కడుందన్న దాన్నిబట్టి మారుతుంది. అందుకే నాలుగుసార్లు నిలిచి అయిదోసారి పోతుంది. T రకం వెయ్యండి, రేటింగు మాత్రం పెంచకండి.

ఇంకో కారణం: రెక్టిఫయరు వాల్వు దొరక్క ఎవరో 1N4007 డయోడ్లు పెట్టి ఉండొచ్చు. వాల్వయితే పది పదిహేను సెకన్లకు మెల్లగా HT (వాల్వులకు కావలసిన ఎక్కువ DC వోల్టేజి) ఇస్తుంది, డయోడు వెంటనే ఇస్తుంది. 250-0-250 సెట్టులో (ట్రాన్స్‌ఫార్మరు HT చుట్టకు మధ్య ట్యాపు నుంచి అటూ ఇటూ 250 వోల్టులు) మిగతా వాల్వులు వేడెక్కేలోగా కండెన్సరు మీద 350 వోల్టులు దాటతాయి, కాబట్టి అక్కడ 350 వోల్టుల కండెన్సర్లు ఉంటే 450వి మార్చాలి. 350-0-350 అయితే ఒక్కో డయోడు మీద వెనక్కి 990 వోల్టులు పడతాయి. 1N4007 హద్దు 1000. రెండేసి సీరీస్‌లో పెట్టాలి.

"సాయంత్రం బానే ఉంటాది, రాత్రి పదకొండు దాటితే పోతంది"

ఈ వైపు ఎక్కువగా తప్పు పట్టుకోలేనిది ఇదే. ఊరికి దూరంగా ఉన్న లైన్లలో దీపాలవేళ వోల్టేజి 190కి దిగుతుంది. పాట మందగించిందని సెట్టు వెనక సెలెక్టరును 240 నుంచి 200కి తిప్పుతారు, తర్వాత మరిచిపోతారు. ఊరు పడుకున్నాక లైను 245కి ఎక్కుతుంది. 200 దగ్గర పెట్టిన సెలెక్టరు మీద 245 పడితే 22 శాతం ఎక్కువ. కరెంటు కూడా 22 శాతమే పెరుగుతుందనుకుంటే పొరపాటు. ఇనుప కోరు నిండిపోయి కరెంటు అంతకు ఎన్నో రెట్లు లాగుతుంది. హీటరు 6.3 వోల్టులకు బదులు 7.7 తింటుంది, వాల్వు ఆయుష్షు కరిగిపోతుంది. ఫ్యూజు పోవడం ఇక్కడ మేలే.

మల్టీమీటరుతో సాయంత్రం ఏడింటికీ, అర్ధరాత్రికీ మెయిన్స్ కొలవండి. సెలెక్టరు ఎక్కువ అంకెకే పెట్టండి. 190లో పాట కాస్త తగ్గుతుందంతే, వాల్వు సెట్టుకు అది అంత హాని కాదు. ఫ్యూజు రేటింగు పెంచి ఈ సమస్యను "తీర్చిన" సెట్లలోనే ట్రాన్స్‌ఫార్మర్లు మాడిన వాసన వస్తుంది.

"పావుగంట పాడి ఆగిపోతంది"

అవుట్‌పుట్ వాల్వు ప్లేటు చీకట్లో ఎర్రగా కనిపిస్తుందేమో చూడండి. కనిపిస్తే వెంటనే ఆపండి. తొంభై పాళ్ళు దోషం ముందు వాల్వు నుంచి దీని గ్రిడ్‌కు (వాల్వులో పారే కరెంటును అదుపుచేసే జాలికి) వచ్చే 0.01 మైక్రోఫారడ్ కప్లింగు కండెన్సరుదే. అది లీకైతే గ్రిడ్ మీదికి పాజిటివ్ వోల్టేజి చేరి వాల్వు తెరుచుకుంటుంది.

డిజిటల్ మీటరు నల్లతీగ చాసీకి, ఎర్రతీగ గ్రిడ్‌కు పెట్టండి: EL84కి 2వ పిన్ను, 6V6కి, EL34కి 5వది. కాథోడు బయాసు సెట్లలో (కాథోడుకు, చాసీకి మధ్య రెసిస్టరు ఉన్నవాటిలో) ఇది సున్నా దగ్గర ఉండాలి. ఒక వోల్టు పాజిటివ్ వచ్చినా అనుమానించాలి. ఇప్పుడు ఆ వాల్వు పీకి మళ్ళీ కొలవండి. వోల్టేజి అలాగే ఉంటే కండెన్సరు లీకు, 630 వోల్టుల ఫిల్మ్ కండెన్సరు వెయ్యండి. పోతే వాల్వు లోపల గాలి చేరింది, వాల్వు మార్చాలి. గ్రిడ్ బాగుంటే కాథోడు చూడండి. EL84కి 7 వోల్టుల చుట్టూ, 6V6కి 12 చుట్టూ ఉండాలి. బాగా తక్కువుంటే కాథోడు బైపాస్ కండెన్సరు షార్టయ్యుంటుంది.

ఇలాంటి దోషం మెయిన్స్ ఫ్యూజుకు ఆలస్యంగా తెలుస్తుంది. అందుకే ట్రాన్స్‌ఫార్మరు HT సెంటరు ట్యాపు, చాసీ మధ్య ఇంకో ఫ్యూజు పెట్టడం మంచిది. 70 మిల్లీ ఆంపియర్ల HT ఉన్న రేడియోకు T 250 మిల్లీ ఆంపియర్లు. కరెంటు కండెన్సరులోకి తునకలుగా వెళ్తుంది కాబట్టి అసలు విలువ కొలిచినదాని కన్నా ఎక్కువని లెక్కలో పెట్టుకోవాలి. 350-0-350 సెట్టుకు 250 వోల్టుల గాజుది చాలదు, 500 వోల్టుల పింగాణీది కావాలి.

"ఫీజు బాగానే ఉంది, సెట్టు మాత్రం పలకదు"

గోపాలపూర్, సోనేపూర్ తీరం ఉప్పుగాలికి, కొరాపుట్ కొండల వాన తేమకు ఫ్యూజు గూటి ఇత్తడి చిలుమెక్కుతుంది. కాంటాక్టు దగ్గర నిరోధం పెరిగి వేడెక్కుతుంది, ఆ వేడికే ఫ్యూజు టంకం కరుగుతుంది. సన్న ఎమరీ కాగితంతో రుద్ది, స్పిరిట్‌తో తుడిచి, క్లిప్పును కొద్దిగా లోపలికి వంచండి. స్ప్రింగు మెత్తబడితే గూడే మార్చండి. మార్చేటప్పుడు ఫేజు తీగను గూటి చివరి పిన్నుకే కలపండి. ఫ్యూజు తీస్తుంటే వేలు తగిలేది పక్క పిన్ను కదా. రెండు పిన్నుల ప్లగ్గు తిరగేస్తే ఫేజు మారిపోతుంది, టెస్టరుతో చూసుకోండి. UL84, UY85 లాంటి U వరస వాల్వులుంటే ట్రాన్స్‌ఫార్మరే ఉండకపోవచ్చు, చాసీ మీదే ఫేజు ఉండొచ్చు. ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మరు లేకుండా అది విప్పకండి, ఏ ఫ్యూజూ మిమ్మల్ని కాపాడదు.

బ్యాటరీ మీద నడిచే మైకుసెట్టు

జాతరలో 12 వోల్టుల బ్యాటరీ తగిలించగానే ఫ్యూజు పోతే పాజిటివ్, నెగెటివ్ తిరగబడ్డాయా చూడండి. లోపల అడ్డంగా ఉన్న రక్షణ డయోడు తన పని తాను చేసింది. తీగలు సరిచేసినా పోతే ఆ డయోడు షార్టయిపోయింది, మార్చాలి. దాన్ని కత్తిరించి వదిలేస్తే ఈసారి అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లే పోతాయి. 60 వాట్ల ఆంప్లిఫయరు నిండు గొంతులో 8 ఆంపియర్ల పైన లాగుతుంది, 10 ఆంపియర్ల కారు ఫ్యూజు చాలు. దాన్ని బ్యాటరీ పాజిటివ్‌కు జానెడు దూరంలోనే పెట్టండి. ఆంప్లిఫయరు దగ్గర పెడితే మధ్యలో తీగ ఒరుసుకున్నప్పుడు బ్యాటరీ వందల ఆంపియర్లు తోసేసి తీగ మొత్తం అంటుకుంటుంది.