మీ క్రైమ్ థ్రిల్లర్ ఎవరు చూడాలి? షూటింగ్‌కి ముందే తేల్చుకోండి

విస్కామ్ (విజువల్ కమ్యూనికేషన్), ఫిల్మ్ కోర్సుల పిల్లలు ప్రాజెక్ట్ ఫైల్లో ‘టార్గెట్ ఆడియన్స్’ దగ్గర దాదాపు అందరూ ఒకటే రాస్తారు: 18 నుంచి 30 ఏళ్ల యువత, థ్రిల్లర్లు ఇష్టపడేవారు. కృష్ణానగర్‌లో ఎడిటింగ్ చేసే నాకు ఆ ముక్కతో ఒక్క కట్ కూడా తేలదు. క్లూ షాట్ ఎంతసేపు ఉంచాలి, నేరస్థుడి ముఖం ఎప్పుడు చూపించాలి, హిందీ డైలాగుకి సబ్‌టైటిల్ వేయాలా వద్దా... వీటికి జవాబు చెప్పగలిగారంటే మీ ప్రేక్షకుడెవరో మీకు తెలిసినట్టే.

నా టేబుల్ మీదకి వచ్చిన ఒక స్టూడెంట్ సినిమా సంగతే చెప్తాను. తెనాలిలో ఒంటరిగా ఉండే రిటైర్డ్ లెక్కల టీచరమ్మ. వాట్సాప్‌లో వీడియో కాల్ వస్తుంది. అవతల యూనిఫాం వేసుకున్న మనిషి, వెనక గోడ మీద నాలుగు సింహాల గుర్తు. ‘మీ ఆధార్ మీద బుక్ చేసిన పార్సిల్లో డ్రగ్స్ దొరికాయి, ఫోన్ పెట్టేస్తే అరెస్టు చేస్తాం’ అంటాడు. మనందరికీ తెలిసిన డిజిటల్ అరెస్ట్ మోసం.

ముందుగా వేసుకోవాల్సిన ప్రశ్న: సినిమా మొదలయ్యే ముందే చూసేవాడికి ఏం తెలుసు? 2024 అక్టోబర్‌లో ప్రధాని ‘మన్ కీ బాత్’లో ఈ మోసం గురించి చెప్పారు. తర్వాత ఎవరికి ఫోన్ చేసినా సైబర్ నేరాల హెచ్చరిక, ఫిర్యాదు చేయాల్సిన 1930 నంబరు వినబడ్డాయి. కాబట్టి ఇరవై ఏళ్ల కుర్రాడు మొదటి ఫ్రేములోనే వాడు దొంగ అని పట్టేస్తాడు. ఈ సినిమా తీసిన పిల్లలేమో కథంతా ‘నిజం పోలీసా, కాదా’ అన్న అనుమానం మీద నడిపి, గుట్టు ఆఖర్లో విప్పారు. యువత కోసమే అయితే ఆ గుట్టు ముందే విప్పేయాలి. వాళ్లని కూర్చోబెట్టేది ‘ఆమె డబ్బు పంపేలోపు ఎవరైనా గమనిస్తారా’ అన్న ఆత్రం. పింఛనుదారుల కోసమైతే పద్ధతి వేరు. మోసం పేరు వాళ్లకీ తెలుసు. కానీ ఖాకీ బట్టలు కనబడి గొంతు పెంచితే తెలిసింది కూడా మరిచిపోతారు. వాళ్లకి భయం ఒక్కో మెట్టూ ఎక్కించాలి. ఇంకోమాట, వాళ్లు చూసే సినిమాలో టీచరమ్మని తెలివితక్కువ మనిషిగా చూపించకండి. చూస్తున్నది తనలాంటి మనిషినే.

ఇప్పుడు ఒకే సీన్ ఇద్దరికీ ఎలా మారుతుందో చూడండి. టీచరమ్మ బ్యాంకుకెళ్లి ఫిక్స్‌డ్ డిపాజిట్ గడువుకి ముందే తీసేసి, ఆర్టీజీఎస్ (పెద్ద మొత్తం ఇంకో ఖాతాకి పంపే పద్ధతి) ఫారం నింపుతుంది. డబ్బు అందుకునేవారి పేరు రాసే గడి దగ్గర పెన్ను ఆగుతుంది. ఫోన్లో వాడు చెప్పిన పేరు చివర ‘ట్రేడర్స్’ అని ఉంది. పోలీసులకి ట్రేడర్స్ పేరుతో ఖాతా ఎందుకుంటుంది? కథలో క్లూ ఇదే. బ్యాంకు కౌంటర్ల దగ్గర నిలబడి జీవితం గడిపినవాళ్లకి ఆ గడి ఒక్కసారి కనబడితే చాలు. స్కాన్ చేసి డబ్బు పంపడం మాత్రమే తెలిసిన పిల్లలు ఆ ఫారం ఎప్పుడూ నింపి ఉండరు. వాళ్ల కోసమైతే కౌంటర్‌లో ఉన్నమ్మాయి ఆ పేరు పైకి చదవాలి. డిపాజిట్ ముందే తీస్తే వడ్డీ తగ్గుతుందన్న బాధ కూడా పెద్దవాళ్లకే తగులుతుంది. మీ కథలో ఉన్న ప్రతి క్లూకీ ఇలా ‘ఇది ఎవరికి చప్పున అర్థమవుతుంది’ అని పక్కన రాసుకుంటూ పోండి. ఎక్కువసార్లు ఎవరి పేరు పడిందో వాళ్లే మీ ప్రేక్షకులు. మీరు అనుకున్నవాళ్లు కాకపోతే స్క్రిప్టయినా మార్చండి, ప్రేక్షకుణ్నయినా మార్చుకోండి.

ప్రాంతం కూడా లెక్కలోకి తీసుకోవాలి. దొంగ పోలీసు హిందీలో బెదిరిస్తాడు. హైదరాబాద్‌లో చాలామందికి అది అర్థమైపోతుంది. కోస్తా పల్లెల్లో చాలామందికి కాదు. నన్నడిగితే వాళ్లకి సబ్‌టైటిల్ వేయొద్దంటాను. టీచరమ్మకి అర్థం కానిదే వాళ్లకీ అర్థం కాకపోతే భయం రెట్టింపవుతుంది.

ఎక్కడ చూస్తారన్నదీ అడగండి. స్టూడెంట్ సినిమా ఎక్కువగా ఫోన్‌లోనే చూస్తారు. సస్పెన్స్ కోసం కింద వేసిన బరువైన బేస్ శబ్దం ఫోన్ స్పీకర్లో దాదాపు వినబడదు. తెర మీద చూపించే మెసేజ్ అక్షరాలు అరవై దాటిన కళ్లకి ఆనాలి. అరచేతిలో పెట్టుకుని మీరే ఒకసారి చూడండి.

రక్తపాతం గురించి క్లుప్తంగా. 2023 చట్ట సవరణ తర్వాత సెన్సార్ బోర్డు యూఏ సర్టిఫికెట్‌ని (పిల్లలు పెద్దల మార్గదర్శకత్వంలో చూడొచ్చన్నది) 7+, 13+, 16+ అని మూడుగా విడదీసింది. యూట్యూబ్‌లో పెట్టడానికి ఆ సర్టిఫికెట్ అక్కర్లేదు కానీ, మీ కథ ఏ మెట్టు మీద ఉందో చూసుకోవడానికి అదో మంచి కొలత. యూట్యూబ్ వయసు పరిమితి పెట్టిందంటే 18 నిండనివాళ్లకి, లాగిన్ కానివాళ్లకి సినిమా కనబడదు. ఇంటర్ పిల్లలు చూడాలనుకుంటే కత్తిపోటు షాట్ దగ్గర బాగా ఆలోచించండి.

రఫ్ కట్ (తొలి విడత ఎడిటింగ్) అయ్యాక మీ క్లాస్‌మేట్లకే చూపించి సరిపెట్టుకోకండి. టీచరమ్మ సినిమా తీసిన పిల్లల్ని పింఛనుదారుల సంఘం భవనానికి పంపించాను. ‘బాగుందా’ అని అడగొద్దన్నాను, ఎవరైనా బాగుందనే అంటారు. బ్యాంకు సీన్ సగంలో ఆపి ‘ఇప్పుడేమవుతుంది’ అని అడగమన్నాను. ఒక పెద్దాయన ‘ఆ పేరేంటమ్మా, కంపెనీ పేరులా ఉంది’ అన్నారట. ఆ షాట్‌ని నేను మళ్లీ ముట్టుకోలేదు.

అప్‌లోడ్ చేశాక యూట్యూబ్ స్టూడియోలో రిటెన్షన్ గ్రాఫ్ చూడండి. జనం ఎక్కడ వదిలేశారో, ఎక్కడ వెనక్కి తిప్పి చూశారో తెలుస్తుంది. వ్యూస్ తక్కువుంటే వయసు వివరాలు రాకపోవచ్చు. అప్పుడు కామెంట్లే ఆధారం.

ఫైల్లో చివరికి ఇలా రాయండి: ‘కోస్తా జిల్లాల్లో, పిల్లలు దూరంగా ఉన్న, అరవై దాటిన పింఛనుదారులు. మోసం పేరు విన్నారు, పోలీసంటే భయం ఉంది. ఫ్యామిలీ గ్రూపులో వచ్చిన లింకు నొక్కి ఫోన్లో చూస్తారు. ఆ లింకు పంపేది హైదరాబాద్‌లోనో, విదేశాల్లోనో ఉన్న కొడుకో కూతురో. అందుకే మొదటి నిమిషం వాళ్లని కూడా పట్టుకోవాలి.’